మా బైబిల్లో లేని పుస్తకం

నా పెళ్లి ఎనభైల మొదట్లో వరంగల్‌లోని ఒక ఆర్‌సీఎం చర్చిలో, అంటే రోమన్ కాథలిక్కుల గుళ్లో, జరిగింది. జరిగింది అని ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఆ రోజు ఓ అరగంటసేపు అది జరుగుతుందో లేదో ఎవరికీ తెలియదు. పెళ్లికూతురినైన నాకు అసలే తెలియదు.

మా బాపు వర్ధన్నపేట పక్క ఊళ్లో ఉపదేశి. పాస్టరు అయ్యగారు నెలకొకసారి వస్తే, మిగతా ఆదివారాలు వాక్యం చెప్పేది ఆయనే. మాది ప్రొటెస్టెంట్ సంఘం. టీచర్ ట్రైనింగ్‌లో నాకు పరిచయమైన అబ్బాయిదేమో ఆర్‌సీఎం కుటుంబం. ఏడాదిపాటు బాపు ససేమిరా అన్నాడు. చివరికి మెత్తబడి ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"మీ గుళ్లెనే చేసుకోండ్రి. కని చదివేది బైబిల్లకెళ్లి చదవాలె. కథలు, కాకరకాయలు చదివితే లేచి పోత. మళ్ల నన్ను అనొద్దు."

"బైబిల్ గాక ఇంకేం చదువుతం మామా?" అని పెళ్లికొడుకు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా సంఘంలో ఒక అలవాటుంది. చదివేవాళ్లు పుస్తకం పేరూ అధ్యాయమూ చెప్పగానే అందరూ తమ తమ బైబిళ్లు తెరిచి, ఆ చోట వేలు పెట్టి వెంట చదువుతారు. ఊరికే చెవులప్పగించి కూర్చుంటే బద్ధకం కింద లెక్క. బాపు పెళ్లికి కూడా నల్ల అట్ట బైబిలు చంకలో పెట్టుకొచ్చి మొదటి బెంచీలో కూర్చున్నాడు.

పూజ మొదలైంది. పెళ్లికొడుకు చెల్లెలు మైకు ముందుకొచ్చి, "తోబీతు గ్రంథము నుండి పఠనము" అంది.

నేను ఉలిక్కిపడ్డాను. బైబిల్లోని అరవై ఆరు పుస్తకాల పేర్లు ఊపిరి తీయకుండా అప్పజెప్పడం నాకు ఆరేళ్లకే నేర్పాడు బాపు. ముసుగు కింద గబగబా వల్లె వేసుకున్నాను. ఎజ్రా, నెహెమ్యా, ఎస్తేరు, యోబు. తోబీతు లేడు. మళ్లీ ఆదికాండం నుంచి మొదలుపెట్టాను. అప్పుడూ లేడు. ఉన్న అరవై ఆరూ వదిలేసి నా పెళ్లిలో లేనిదాన్ని తెచ్చి చదువుతున్నారేమిటి?

ఆ పిల్ల చదవడం మొదలుపెట్టింది, నా వెనక పేజీలు తిప్పుతున్న చప్పుడు. ముందుకి, వెనక్కి, మళ్లీ మొదట్లో ఉండే పట్టిక దగ్గరికి. కాసేపటికి ఆ చప్పుడు ఆగి, బెంచీ కిర్రుమంది.

"బిడ్డా, జర ఆగు. ఆ పుస్తకం బైబిల్ల లేదు," అన్నాడు బాపు.

చర్చి చర్చంతా నోరెళ్లబెట్టింది. ఫాదర్ బలిపీఠం మెట్లు దిగొచ్చాడు.

"ఉపదేశిగారూ, మా బైబిల్ల ఉన్నది."

"మీ బైబిల్, మా బైబిల్ ఏంది అయ్యగారూ? బైబిల్ అంటే ఒక్కటే గద!"

"లోపలికి రాండ్రి, చూపిస్త."

పెళ్లికూతురు పూజ మధ్యలో లేచి వెళ్లడం ఎక్కడైనా ఉందా? నేను లేచి వాళ్లిద్దరి వెనకే నడిచాను. బాపు అటు నుంచటే బస్టాండుకు పోతే ఆపేదెవరు? పక్క గదిలో ఫాదర్ బీరువాలోంచి ఒక ఇంగ్లీషు బైబిలు తీశాడు. బాపు ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలడు. నెహెమ్యా తర్వాత, ఎస్తేరుకు ముందు, ఆయన వేలు ఆగింది. తోబీతు అక్కడే ఉన్నాడు.

"ఎవలు కలిపిండ్రు?" అన్నాడు బాపు.

"మొదటి సంఘాలు చదివిన గ్రీకు పాత నిబంధనల ఈ పుస్తకాలు ఉన్నయి. యూదుల హీబ్రూ గ్రంథాల్ల లేవు. ఉండాల్నా వద్దా అన్న తకరారు అప్పటిసంది ఉన్నదే. మావోళ్లు ఉంచుకున్నరు. మీ పెద్దలు పక్కకు పెట్టిండ్రు. మొదట్ల మీవోళ్లు గూడ రెండు నిబంధనల నడుమ వేరేగ అచ్చేసేటోళ్లు, తర్వాత అదీ మానుకున్నరు."

"చివరి పేజీల ఉన్నది గద, కలిపినోనికి, తీసినోనికి శిక్ష అని!"

"ఆ మాట ఆ చివరి పుస్తకం, ప్రకటన గ్రంథం, ఒక్కదాని గురించే. అది రాసిననాడు ఇట్ల ఒక్క అట్టల బైబిలే లేదు. ఆ ప్రకటననే వద్దన్న సంఘాలు గూడ ఉండె. కొత్త నిబంధనల ఇరవై ఏడు అని లెక్క కుదరనీకి మూడు వందల ఏండ్లు పట్టింది."

బాపు కుర్చీలో కూలబడ్డాడు. బైబిలు ఆకాశం నుంచి కుట్టి, అట్ట వేసి మరీ దిగిందని ఎవరూ ఆయనకు చెప్పలేదు. కాదని కూడా ఎవరూ చెప్పలేదు. ఎవరో మనుషులు కూర్చుని ఇది ఉండాలి, అది వద్దు అని వాదించుకున్నారన్న సంగతి నాక్కూడా చెంపదెబ్బలాగే తగిలింది.

"నలభై ఏండ్ల సంది పిలగాండ్లకు అరవై ఆరని చెప్తున్న."

"తప్పేం చెప్పలేదు. మీ లెక్కల అరవై ఆరే."

"దేవుని వాక్యానికి మీ లెక్క, మా లెక్క ఉంటదా?"

ఫాదర్ ఆ ఇంగ్లీషు బైబిలు మూశాడు. నాకు అందరి మీదా ఒళ్లు మండింది. ఇంత తెలిసిన ఈయన ముందే ఒక్క ముక్క చెబితే ఏం పోయేది? మా ఇద్దరి సంగతి మరీ ఘోరం. రెండేళ్లు ప్రేమించుకున్నాం, బాపును ఎదిరించాం, ఒక్కనాడూ ఒకరి బైబిలు ఒకరం తెరిచి చూడలేదు.

బాపు నావైపు తిరిగాడు. "బిడ్డా, నీకు ముందుగాల తెల్సా?"

"తెల్వది బాపూ. నువ్వు చెప్పిందే నాకు తెల్సు."

అనకుండా ఉండాల్సింది. ఆయన తన బైబిలు చంకలో పెట్టుకున్నాడు. లేచి గదిలోంచి బయటికి నడిచాడు. నేను చీర కుచ్చిళ్లు పట్టుకుని వెనకే పరుగెత్తాను. వీధి తలుపు ఎడమవైపు, బెంచీలు కుడివైపు. బాపు ఎటూ తిరగకుండా, ఇంకా మైకు దగ్గరే నిలబడ్డ పెళ్లికొడుకు చెల్లెలి ముందు ఆగాడు.

"మొదటికెళ్లి చదువు బిడ్డా. నేను నా బైబిల్ల ఆ పుస్తకం దేవులాడుకుంట ఇనలే."

ఆ పిల్ల చదివింది. కొత్తగా పెళ్లయిన ఇద్దరు, ఒకరికొకరు తోడుగా ముసలివాళ్లమయ్యేదాకా బతకనివ్వమని దేవుణ్ని వేడుకుంటున్నారు. అంతే, అందులో ఉన్నది. నేను పెళ్లికొడుకును చూడలేదు, బాపునే చూస్తున్నాను. మొదటి బెంచీలో కూర్చున్న ఆయన ఒళ్లో బైబిలు ఉంది, మూసి ఉంది, దాని మీద రెండు చేతులూ ఉన్నాయి. పఠనం ముగించి ఆ పిల్ల "ఇది ప్రభువు వాక్కు" అంటే, అందరూ జవాబు పలికారు. బాపు పెదవులు కదల్లేదు. ఫాదర్ ఆయనవైపు చూశాడు.

బాపు లేచి పోలేదు.