మామ్మ ఆఖరిసారి పొదగేసిన కోడి

మా పక్కింటి మామ్మ పోయింది. ఆ కబురు నాకు బాపట్లలో మా అక్క వాళ్లింట్లో ఉండగా తెలిసింది. రేపల్లె నుంచి మా ఆయన ఫోన్ చేశారు. పొద్దెక్కినా గోడవతల కోళ్లు గంప కిందే ఉండి గోల చేస్తుంటే, మామ్మ ఇంకా వదల్లేదేంటా అని తొంగిచూశారట. పిలిస్తే పలకలేదట. లోపలికి వెళ్లి చూస్తే మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉందట. నిద్రలోనే పోయిందన్నారు.

"వింటున్నావా?" అన్నారు.

"కోళ్లని వదిలారా?" అని అడిగాను.

అలా ఎందుకడిగానో తెలియదు. ఆయన "వదుల్తాలే, నువ్వు బయల్దేరు" అన్నారు. అక్క టిఫిన్ పెడితే తిన్నాను. ఏం తిన్నానో గుర్తులేదు. చెరుకుపల్లి మీదుగా వచ్చే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పక్కావిడ ఏ ఊరమ్మా అంటే చెప్పాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

నేను వచ్చేసరికి తెనాలి నుంచి మామ్మ కూతురు వచ్చేసింది. చర్చి వాళ్లు బల్ల వేసి, కొత్త తెల్లచీర కట్టి మామ్మని పడుకోబెట్టారు. అయ్యగారు ప్రార్థన చేస్తున్నారు. పాటలు పాడుతున్నవాళ్ల కాళ్ల మధ్య నుంచి కోళ్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. వాటిని ఎవరూ అదిలించలేదు. ఒక పెట్ట సరిగ్గా బల్ల కింద నిలబడి నేలని గీరింది. మామ్మ చూస్తే నవ్వేది.

మా మామ్మని మీలో ఎవరూ ఎరగరు. పెద్దపెద్ద పనులేవీ చేయలేదు. బడిలో ఆయాగా చేసి రిటైరైంది. మా వీధిలో చిన్న పెంకుటిల్లు, వెనక పెరడు, పెరట్లో కోళ్లు. అంతే. కానీ నేను పెళ్లయి భట్టిప్రోలు పక్క నుంచి ఈ వీధికి వచ్చినప్పుడు నాతో మొదట మాట్లాడింది ఆవిడే. అది కూడా గొడవతోనే మొదలైంది.

కాపురానికి వచ్చిన కొత్తల్లో గుమ్మం ముందు బియ్యప్పిండితో ముగ్గేశాను. చీపురు లోపల పెట్టి వచ్చేసరికి సగం ముగ్గు లేదు. మామ్మ కోళ్లు వరసగా నిలబడి గీతల వెంబడే తింటున్నాయి. ఎవరితోనైనా మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. అక్కడే నిలబడి చూస్తున్నాను. మామ్మ గోడ మీద నుంచి చూసింది.

"ఏమే కోడలుపిల్లా, నీ ముగ్గు తినేస్తుంటే అదిలించవేంటి? నోరు లేదా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"లేదా! అయితే రేపట్నుంచి రెండు ముగ్గులేసెయ్. లోపలిది నీకు, బయటిది వాటికి."

ఎగతాళికి అందని తెలుసు. అయినా మర్నాడు నేను రెండు వేశాను. మామ్మ చూసి నడుం పట్టుకుని నవ్వింది. ఆ రోజు కొంగు చాటున రెండు గుడ్లు తెచ్చి ఇచ్చింది. అప్పటి నుంచి రెండు ముగ్గులూ వేస్తూనే ఉన్నాను.

శనివారం శనివారం మామ్మ తెల్లచీర ఉతికి నీలిమందు పెట్టేది, ఆదివారం చర్చికి కట్టుకోడానికి. చీర పిండాక బకెట్లో మిగిలిన నీళ్లు పారబోసేది కాదు. ఆ నీళ్లలో ఇంకాస్త నీలిమందు కలిపి, చిన్న గుడ్డపేలిక ముంచి, ఒక్కొక్క కోడినీ పట్టుకుని రెక్క మీద రాసేది. మా వీధిలో కోళ్లున్న ప్రతి ఇంటికీ ఏదో ఒక గుర్తు ఉంది. ఒకరు కాలికి ఎర్రదారం కడతారు, ఒకరు తోక కొస కత్తిరిస్తారు. నీలం రెక్క కనబడితే అది మామ్మ కోడి. పట్టుకోవడం నా పని, రాయడం ఆవిడ పని. ఆవిడ చేతులు నీలంగానే ఉండేవి, చర్చిలో కూడా.

"ఎందుకు మామ్మా ఈ వయసులో ఇంత చాకిరీ?" అని ఒకసారి అడిగాను.

"ఇంట్లో నాతోపాటు ఏదో ఒకటి కదలాలి గదే," అంది. "లేకపోతే నేను కదుల్తున్నానో లేదో నాకెట్టా తెలుస్తది?"

మా వెనక వీధిలో అపార్ట్‌మెంటు లేచాక కష్టం మొదలైంది. పుంజు తెల్లారకుండానే కూస్తోందనీ, వాసన వస్తోందనీ వాళ్లు మునిసిపాలిటీలో చెప్పారు. వాళ్లదీ తప్పనను. పసిపిల్లలున్న ఇళ్లవి. ఊళ్లో పెరటి కోళ్లు ఉండకూడదని నోటీసులు వచ్చాయి. కొన్నాళ్లకి శానిటరీ ఇన్‌స్పెక్టరుగారు ఇద్దరు మనుషుల్నీ బండినీ వెంటబెట్టుకుని వచ్చారు. మామ్మ వాళ్లని లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చింది.

"తీసుకెళ్లండి బాబూ, మీ పని మీది," అంది. "కానీ ఆ మూల తట్టలో ఒక పెట్ట గుడ్ల మీద కూర్చుంది. దాన్ని లేపే చెయ్యేదో ముందు నాకు చూపించండి."

మా వైపు గుడ్ల మీద కూర్చున్న కోడిని ఎవరూ లేపరు, లేపితే ఆ ఇంటి పిల్లలకి మంచిది కాదంటారు. పాము వస్తే పామునే కొడతారు గానీ కోడిని కదపరు. ఇన్‌స్పెక్టరుగారు పక్కనున్న పెద్దాయన వైపు చూశారు. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"నావల్ల కాదండి సార్. మా అమ్మాయికి నెలలు నిండినయ్యండి."

"నువ్వు?"

రెండో ఆయన బండి వైపు చూస్తూ, "నాకు పెళ్లే కాలేదండి," అన్నాడు.

ఇన్‌స్పెక్టరుగారికి నవ్వాగలేదు. "మిగతావి పట్టండయ్యా, దాన్నొదిలేసి."

"మిగతావి అరిస్తే అది బెదిరి లేచిపోద్ది గదా బాబూ," అంది మామ్మ. "పిల్లలు లేవనీ. మూడు వారాలు. అప్పుడు రండి, నేనే పట్టిస్తా."

మూడు వారాలయ్యాక వాళ్లు వచ్చారు. అప్పటికి ఇంకో పెట్ట కూర్చుని ఉంది. అది దిగేలోపు మరోటి. మామ్మ వరసగా వేస్తూ వచ్చింది. తట్టలో గడ్డి వేసి, గుడ్ల మీద బొగ్గుతో గీతలు గీసి, ఉరుముకి గుడ్లు చెడకుండా ఒక ఇనప మేకు పెట్టేది. "వాళ్లకి కాయితం ఉంటే నాకు కోడి ఉంది," అనేది.

అప్పుడే మా ఆయన పనిచేసే బియ్యం మిల్లు పొన్నూరు వైపు తరలిపోతుందని పుకారు పుట్టింది. పన్ను ఎక్కువని, లారీలు వచ్చే దారి బాగోలేదని యజమానులు అన్నారట. మా వీధిలో సగం ఇళ్లు ఆ మిల్లు మీదే బతుకుతున్నాయి. మా ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయేవారు. నేను కంచం తీసేదాన్ని.

వార్డు సభ బడి వరండాలో పెట్టారు. మిల్లు సంగతీ, కోళ్ల సంగతీ రెండూ ఆ రోజే. కౌన్సిలరుగారు, కమిషనరుగారు, మిల్లు మేనేజరుగారు వచ్చారు. మామ్మ నన్ను బలవంతాన తీసుకెళ్లింది. నేను మా ఆయన గురించి ఒక్క మాట చెప్పాలని ఆవిడ పట్టుదల.

"నాకు మాట రాదు మామ్మా."

"రాకపోతే నీ పేరు చెప్పు. పేరు చెబితే దాని వెనకాల మాట అదే వస్తది. లేచి నిలబడి పేరు చెప్పడమే కష్టం. మిగతాదేం లేదు."

కౌన్సిలరుగారు మామ్మని చూసి, "పెద్దవాళ్లు, ముందు మీ కోళ్ల సంగతి చెప్పేసి ఇంటికెళ్లండి మామ్మగారూ," అన్నారు. మామ్మ లేచి తన పేరు చెప్పింది. తర్వాత ఇలా అంది.

"నా కోళ్లు ఎక్కడికీ పోవయ్యా. సందేళకి గంప కిందికి అయ్యే వస్తయ్. పోయేది మిల్లు. ముందు దాని సంగతి తేల్చండి. ఇదిగో, ఈ పిల్ల మొగుడు అన్నం తినట్లేదు."

అందరూ నా వైపు చూశారు. నేను లేచాను. పేరు చెప్పాను. అంతవరకే వచ్చింది. మళ్లీ కూర్చున్నాను. మామ్మ నా మోకాలి మీద చెయ్యేసి, "చాల్లే, ఇవాళ్టికి," అంది.

మిల్లు గురించే చాలాసేపు నడిచింది. కొన్నేళ్ల పాటు పన్నులో రాయితీ ఇస్తామని, దారి బాగుచేయిస్తామని, కౌన్సిల్లో తీర్మానం పెడతామని కమిషనరుగారు చెప్పారు. మేనేజరుగారు ఒప్పుకున్నారు. చప్పట్లు కొట్టారు. మా ఆయన వెనక నిలబడి ఉన్నారు. మొహం తుడుచుకోవడం చూశాను.

కోళ్ల దగ్గరికి వచ్చేసరికి సగం మంది వెళ్లిపోయారు. అపార్ట్‌మెంటు నుంచి వచ్చినాయన నోటీసు అమలు చేయాల్సిందే అన్నారు. మామ్మ కమిషనరుగారి వైపు తిరిగింది.

"బాబూ, నాకు తెలియక అడుగుతున్నా. పోతాం పోతాం అన్నవాళ్లకేమో రాయితీ. ఇక్కడే పడుంటాం అన్నవాళ్లకేమో నోటీసా? నేను కూడా కోళ్లేసుకుని పొన్నూరు పోతానంటే ఏమిస్తారు?"

ఫిర్యాదు చేసినాయన కూడా నవ్వారు. చివరికి ఏదో ఒకటి రాయాలి కాబట్టి రాశారు. ఇప్పుడు పెంచుకుంటున్నవాళ్లు వాళ్లున్నంతకాలం పెంచుకోవచ్చు, పుంజు ఉండకూడదు, కొత్తగా ఎవరూ పెట్టకూడదు. కౌన్సిలరుగారు అడిగినప్పుడే మామ్మ తన కోళ్ల సంగతి చెప్పుకుని ఉంటే, సభ నిండా మనుషులుండగా ఇంతకంటే మంచి మాటే రాయించుకునేదేమో. ఇంటికొస్తూ ఆ మాట అన్నాను.

"పోన్లేవే, నేనున్నంతకాలం అన్నారుగా," అంది. "ఇక నాకు బతక్క తప్పదు."

పుంజుని తెనాలి సంతలో ఇచ్చేసింది. పుంజు లేని గుడ్లు పిల్లలవవు కాబట్టి, ఆ తర్వాత పొదగేయడానికి గుడ్లు పక్క పల్లెలో తెలిసినవాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకునేది. అనుమతి వచ్చాక వరసగా పొదగేయాల్సిన అవసరం లేదు. అయినా మానలేదు. అలవాటైపోయిందనేది.

సమాధి చేసి వచ్చాక మామ్మ కూతురు పెరట్లో చాలాసేపు నిలబడింది. "మాది తెనాల్లో మూడో అంతస్తు. వీటినెక్కడ పెట్టనమ్మాయ్? కోసేవాళ్లకిద్దామంటే చెయ్యి రావట్లేదు. ఏదో ఒకటి తేలేదాకా నువ్వు చూడమ్మా," అంది. గంపా, తట్టా, దండెం మీద ఆరేసి ఉన్న తెల్లచీరా నాకిచ్చి వెళ్లింది. తట్టలో ఒక పెట్ట గుడ్ల మీద కూర్చునే ఉంది. నేను బాపట్ల వెళ్లే ముందు రోజు మామ్మ వేసిన పెట్ట అది. నేనే తట్ట పట్టుకున్నాను.

పొద్దున్నే గంప ఎత్తుతున్నాను. రెండు ముగ్గులు వేస్తున్నాను. అన్నం వండుతున్నాను. మా ఆయన తింటున్నారు. సందేళకి కోళ్లు గంప దగ్గరికి రాకుండా మామ్మ తలుపు దగ్గరికి వెళ్లి నిలబడతాయి. తలుపుకి తాళం ఉంది. కాసేపు నిలబడి అవే వచ్చేస్తాయి.

ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ఎవరైనా వస్తే తలుపు సందులోంచి మా ఆయన లేరండీ అని చెప్పి మూసేయడం నా అలవాటు. ఆ రోజు బయటికి వచ్చాను. పేరు చెప్పాను.

"ఈ కోళ్లు ఎవరివమ్మా?"

"మామ్మవండి."

"ఆవిడ లేరు కదమ్మా. ఆవిడున్నంతకాలమనే కదా రాసింది."

"అవునండి. కానీ ఒక పెట్ట గుడ్ల మీదుందండి."

ఆయన పెరటి గోడ మీద చెయ్యి పెట్టి లోపలికి చూశారు. "మళ్లీనా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఆవిడ వేసిందేనా?" అని అడిగారు.

"ఆవిడ వేసిందేనండి."

ఆయన గోడ మీద నుంచి చెయ్యి తీశారు. "పిల్లలు లేచాక వస్తాం. త్వరలో వార్డు సభ ఉంది. ఎవరి పేరు మీద కావాలో వాళ్లు వచ్చి అడగాలి. వేరేవాళ్లు చెబితే కుదరదు," అని వెళ్లిపోయారు.

పిల్లలు లేచాయి. పసుపుపచ్చవీ, నల్లవీ. వాటి రెక్కల మీద ఏ రంగూ లేదు. వార్డు సభ ఇంకా రాలేదు. సభకి వెళ్తాను. పేరు వరకు వస్తుందని తెలుసు. ఆ తర్వాతది కూడా వస్తుందేమో చూడాలి.

నిన్న శనివారం. మామ్మ తెల్లచీర ఉతికి నీలిమందు పెట్టాను. మిగిలిన నీళ్లలో ఇంకాస్త కలిపాను. పట్టుకోవడం, రాయడం రెండూ నేనే చేస్తే ఒక్కో కోడికి చాలాసేపు పట్టింది. పొదగడానికి సిద్ధమైన ఎర్రపెట్ట ఒకటి గూడు దిగకుండా ఈకలు విప్పుకుని గుర్రుమంటోంది. తట్టలో కొత్త గడ్డి వేశాను. పక్క పల్లె నుంచి తెచ్చిన గుడ్ల మీద బొగ్గుతో గీతలు గీశాను. ఇనప మేకు పెట్టాను. పెట్టని వదిలాను. అది లోపలికి దిగి, ముక్కుతో గుడ్లని ఒక్కొక్కటే దగ్గరికి లాక్కుని, రెక్కలు పరిచి కూర్చుంది. రెక్క మీద నీలం ఇంకా ఆరలేదు. అంచున బయటికి కనబడుతున్న ఒక గుడ్డుకి కాస్త అంటుకుంది.