నాయనమ్మ దగ్గు

మా నాయనమ్మ పక్కన ఎవరు నవ్వినా ఆవిడకు దగ్గొచ్చేది. నరసరావుపేట డాక్టరు చూసి ఏ జబ్బూ లేదన్నాడు.

దళం రోజుల్లో పట్టుకుందని అమ్మ చెప్పేది. ముట్టయిన ఆడవాళ్లు మూడురోజులు విడిగా కూర్చునే పాక మా పెరట్లో ఉండేది. పోలీసుల చేతికి చిక్కితే ప్రాణాలు దక్కని దళం మనుషుల్ని అందులో దాచి, అమ్మ గుమ్మంలో కూర్చునేది. పోలీసులు దాని ఛాయలకు వచ్చేవాళ్లు కాదు.

ఒకసారి అమ్మ పుట్టింట్లో ఉండగా పోలీసులొచ్చారు. నాయనమ్మే గుమ్మంలో చతికిలబడి, "ఇటు రామాకండి, నేను బయట చేరా!" అని కేకేసింది.

అందరూ తలొంచుకుని వెళ్లిపోయారు. వీధి మలుపులో హెడ్డు కానిస్టేబులుకు ఆవిడ నెరిసిన జుట్టు గుర్తొచ్చింది కాబోలు, తిరిగొచ్చాడు.

"మామ్మా, నీకెన్నేళ్లు?"

"ఆడదాన్ని అయ్యన్నీ అడగటానికి నీకు సిగ్గులేదంట్రా?"

పాకలో దాక్కున్న దళం ఆయన కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు వినపడకుండా నాయనమ్మ ఖళ్లుఖళ్లున దగ్గింది. క్షయ అనుకున్నాడేమో, హెడ్డు మళ్లీ వెనక్కి చూడలేదు.

ఎన్నేళ్లకో ఆ పాకలో నవ్వినాయన ఎమ్మెల్యే అయి, కాపలా కానిస్టేబులుతో మా ఇంటికొచ్చాడు. పాత సంగతి చెప్పి పగలబడి నవ్వాడు. నాయనమ్మ దగ్గింది.

"ఇంకా ఎందుకత్తా? పోయినయ్యిగా ఆ రోజులు!" అన్నాడాయన.

నాయనమ్మ కానిస్టేబులు వంక ఓరగా చూసి, గొంతు తగ్గించింది.

"నవ్వమాకరా, నీ ఎనకమాలే ఉన్నాడు."