శుభ్రంగా తిరగరాసిన మూడు రోజులు

నా భార్యకు అప్పటికి ఏడాదిగా మూత్రంలో మంట. తగ్గేది, నెల తిరక్కుండా మళ్లీ వచ్చేది, ఒక్కోసారి చలిజ్వరంతో. నగరంలో మేము చూపించుకునే డాక్టరమ్మ మందు రాసి, దానితోపాటు ఒక పని చెప్పారు. మూడు రోజులపాటు ఎన్ని గంటలకు ఏం తాగిందీ, ఎన్ని గంటలకు మూత్రానికి వెళ్లిందీ, సుమారుగా ఎంత వచ్చిందీ కాగితం మీద రాసుకు రమ్మన్నారు. అది చూస్తేగాని కారణం తెలియదన్నారు.

అవి డెబ్బైల మొదటి సంవత్సరాలు. మేము గోదావరి వైపు నుంచి వచ్చి లింగంపల్లిలో అద్దెకుండేవాళ్లం. నేను రైల్లో నగరానికి, గుమాస్తా ఉద్యోగానికి వెళ్లేవాణ్ని. ఆమె నానక్‌రామ్‌గూడ బడిలో టీచరు. పొద్దున్నే బయల్దేరి, బస్సు దిగి చాలా దూరం నడిచేది. ఇల్లు చేరేసరికి సాయంత్రం ఐదున్నర.

మూడో రోజు సాయంత్రం ఆమె రాసిన కాగితం చూశాను. మూడు రోజుల్లోనూ పొద్దున ఏడున్నర తర్వాత ఐదున్నర దాకా ఏమీ లేదు.

"పగలు రాయడం మర్చిపోయావా?"

"మర్చిపోలేదండి. రాయడానికేం లేదు."

"పది గంటలు ఏం లేకపోవడమేంటి? ఎక్కాల గొడవలో పడి మర్చిపోయుంటావ్."

"అయితే మీరే రాయండి. నేనెప్పుడు వెళ్లానో మీకే బాగా తెలుసుగా," అని నవ్వి వంటింట్లోకి వెళ్లింది.

ఆ ఎత్తిపొడుపు నాకు అందలేదు. మా ఆఫీసులో ఖాళీ గడి ఉన్న ఫారం వెనక్కి వస్తుంది. కొత్త కాగితం మీద రూళ్లు గీశాను. పదకొండుకు గ్లాసు నీళ్లు, ఒంటిగంటకు ఒకసారి, మూడున్నరకు మరోసారి అని ఊహించి నింపి, మొత్తం తిరగరాశాను.

డాక్టరమ్మ మెచ్చుకున్నారు. ఇంత చక్కగా ఎవరూ రాసుకు రారన్నారు. అలవాట్లలో తప్పేమీ కనబడటం లేదని మందు మాత్రం మార్చారు. నా భార్య పక్కనే తల వంచుకుని కూర్చుంది.

ఆరు నెలల తర్వాత ఆమె బడిలో జ్వరంతో పడిపోయింది. బడి ఊడ్చే ముసలామె బస్సులో ఇంటిదాకా తోడొచ్చింది. నా భార్యను మంచం మీద పడుకోబెట్టి, అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన నన్ను గుమ్మంలోనే నిలదీసింది.

"ఏం మనిషివి సారూ నువ్వు? పంతులమ్మ పొద్దంత చుక్క నీళ్లు ముట్టది. ఏందమ్మా గిట్ల అంటే, తాగితే యాడికి పోవాలె అంటది. బడెనక బండల పొంటి అంత రాళ్లు గొట్టెటోళ్లే. మేమంటే చీకట్ల పోయొస్తం. గామె పట్టపగలు యాడికి పోతది? ఇన్నొద్దులు నీకు ఎర్కనే లేదా?"

ఆస్పత్రిలో చేర్చినప్పుడు ఆమె స్వయంగా రాసిన కాగితం తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఆ ఖాళీ జాగా మీద వేలు పెట్టారు.

"నాకు కావలసింది ఇదేనండి. నీళ్లు తాగకపోవడం, గంటల తరబడి ఆపుకోవడం. దీనివల్లే జబ్బు మళ్లీ మళ్లీ వచ్చింది."

అప్పటికే అది మూత్రపిండాలకు పాకింది. ముందే తెలిస్తే బతికేదా అని తర్వాత అడిగాను. చెప్పలేమన్నారు. అంతకంటే నిజమైన జవాబు ఉండదని తెలిసినా, ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను, ఇప్పుడు నన్నే.

వార్డులో ఒక మధ్యాహ్నం, జ్వరం కాస్త దిగినప్పుడు, ఆమెను అడిగాను.

"నాతో ఒక్క మాట చెప్పకపోయావా?"

"రాశాను కదండీ," అంది.

కోపంగా అనలేదు. ఆ తర్వాత నాలుగు రోజులే ఉంది.