రాంగోపాల్‌పేటలో నవారు కుర్చీ

బెజవాడలో మా మేస్త్రీ దుకాణానికి ఒక డాక్టరుగారు నవారు తెగిన కుర్చీ పంపారు, మళ్ళీ అల్లమని. టేకు చట్రం, మంచానికి వాడే నవారు, అంతే. పువ్వు లేదు, సింహం తల లేదు, మేకు కూడా లేదు. "ఇది కుర్చీ కాదురా, కుర్చీ అస్థిపంజరం" అని మేస్త్రీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. జమీందార్ల కుర్చీలకు ద్రాక్షగుత్తులు చెక్కి చెక్కి నా వేళ్ళు మొద్దుబారాయి. ఆ గుత్తులు వీపుకు గుచ్చుకోవడం తప్ప దేనికీ పనికిరావు. దీన్ని చేసిన మనిషి సికింద్రాబాదులో ఉన్నాడనీ, పేరు ఖాదర్ సాహెబ్ అనీ డాక్టరుగారు చెప్పారు. "వెళ్తే త్వరగా వెళ్ళు. కరాచీలో ఉన్న వాళ్ళన్న రమ్మంటున్నాడు, ఈయనా వెళ్ళిపోయేలా ఉన్నాడు" అన్నారు.

పోలీసు చర్య అయి ఏడాది దాటింది కాబట్టి రైళ్ళు మామూలుగానే నడుస్తున్నాయి. సాయంత్రం బెజవాడలో ఎక్కితే తెల్లవారాక దిగుతారు. మూడో తరగతిలో కాజీపేట దాకా నిలబడటానికి సిద్ధపడండి. సికింద్రాబాదులో మన రూపాయీ చెల్లుతుంది, నిజాం హాలీ రూపాయీ చెల్లుతుంది. బేరం ఏ రూపాయిలోనో ముందే అడగండి. టాంగావాడు ఆరణాలు అడిగి నాలుగుకు దిగాడు.

"కుర్చీల సాయిబు కాడికా?" అన్నాడు. "గాయన కుర్చీకి పువ్వు లేదు, పిట్ట లేదు. బోడి కుర్చీ. గసొంటిది పెండ్లిల ఎవడన్న పెడ్తడా?"

"నువ్వు కూర్చున్నావా ఎప్పుడైనా?"

"నాకెందుకన్నా కుర్చీ? నాకు టాంగా ఉంది."

రాంగోపాల్‌పేటలో ఆయన కారఖానా అంటే రేకుల షెడ్డు. గుమ్మం దగ్గర తాళ్ళు కట్టిన ట్రంకుపెట్టె, లోపల వరసగా కొత్త కుర్చీలు. అలవాటు ప్రకారం ఒకదాన్ని బోర్లించి కీళ్ళు చూడబోయాను.

"అరే భాయ్, గది కోడిపెట్టనా, గుడ్డుందా అని తిరగేసి చూస్తున్నవ్?" వెనక నుంచి కేక. తెల్ల గడ్డం, చెవి మీద పెన్సిలు. ఆయనే. "కూసో."

"మేం కూర్చోమండి. చేస్తాం."

"నేను సుత గట్లనే అనేటోన్ని" అన్నాడు.

ఆయన పని నేర్చింది రైలుపెట్టెల్లో బల్లలు బిగిస్తూ. తర్వాత నవాబుల దేవిడీల్లో, అంటే వాళ్ళ భవంతుల్లో, చెక్కడం పని. ఒకరోజు తాను చేసిన సోఫా మీదే కూర్చుని చెమట తుడుచుకుంటుంటే దివాను కర్రతో పొడిచి లేపాడు. అంతే, మళ్ళీ పువ్వు చెక్కలేదు. హోటళ్ళ ముందు నిలబడి మనుషులు ఎలా కూర్చుంటారో చూసి, కాగితం మీద గీసుకున్నాడు. "మనోళ్ళు కుర్చీల సుత సక్లముక్లం పెడ్తరు. ఇంగ్లీషోని కుర్చీల కాలు ఏడ మడుస్తరు?" అందుకే ఆయన కుర్చీకి వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. కారఖానాకు ఒకటే కానూను: చేసినవాడు దాంట్లో కూర్చుని అన్నం తినందే కుర్చీ గడప దాటదు.

ఇప్పుడు దేవిడీల సామానే వీధిలో చవగ్గా అమ్ముతున్నారు, కొత్తవి ఎవరికి కావాలి? మిగిలింది ఒక మిషన్ బడి ఆర్డరు. "ఇయ్యాల టీచరమ్మ తీస్కపోతే ఉంట. లేకుంటే పెట్టె ఎత్తుడే."

మధ్యాహ్నం పనివాళ్ళంతా కొత్త కుర్చీలెక్కి గిన్నెలు విప్పారు. నాకూ ఒక కుర్చీ, రెండు జొన్నరొట్టెలు. నేను చివర అంగుళం మీద కూర్చున్నాను. రెండో ముక్క నోట్లో ఉండగానే సుగుణమ్మ టీచరుగారు వచ్చారు. నేను లేచి నిలబడ్డాను. ఇంకెవరూ లేవలేదు.

"ఇవి మా కుర్చీలేనా సాహెబ్ గారూ?"

"మీయే అమ్మా."

"మరి వీళ్ళు..."

"తింటున్నరు. ఎవ్వరు కూసోకుండ కుర్చీ నేను అమ్మను." క్షమించమనలేదు. ట్రంకుపెట్టె వైపైనా చూడలేదు.

ఆవిడ నేను వదిలిన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకున్నారు. వీపు ఆన్చారు. కాసేపటికి చెప్పు జారింది, ఒక కాలు పైకొచ్చి మడత పడింది. ఆవిడకది తెలిసినట్టు లేదు. తర్వాత లేచి, చెప్పు తొడుక్కుని అన్నారు: "అన్నీ బండెక్కించండి. ఈ ఒక్కటీ తర్వాత. అబ్బాయి ఇంకా తినలేదు."

ఖాదర్ సాహెబ్ వెళ్ళి ట్రంకుపెట్టె తాడు కోసి, దాంతోనే కుర్చీలను బండికి కట్టాడు.

తిరిగొచ్చాక ద్రాక్షగుత్తుల కుర్చీ ఒకటి పూర్తిచేసి, దాంట్లో కూర్చుని చద్దన్నం తిన్నాను. మేస్త్రీ చూశాడు, పని పోయింది. కానీ ఆ గుత్తులు ఎక్కడ గుచ్చుకుంటాయో ఇప్పుడు నాకు కచ్చితంగా తెలుసు. ఇన్నేళ్ళు చెక్కినా తెలియలేదు. మీరు కూడా వెళ్ళాలనుకుంటే ఒకే మాట. రాంగోపాల్‌పేటకు మధ్యాహ్నం వేళకు చేరండి, ఏమీ తినకుండా వెళ్ళండి.