చమురు తాగిన చేలో మినుము వేరు

సహోదరులారా, దేవుడు నా నోటికి కాస్త ఎక్కువ మాటలిచ్చాడని కృత్తివెన్ను చుట్టుపక్కల అందరికీ తెలుసు గనుక, నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినండి, మిగిలిన సగమే ఆయన మహిమకు చాలుతుంది!

మినుముకు మేము దుక్కి దున్నం. వరి ఇంకా కోయకముందే, ఆ పైరులోనే, తడి నేల మీద విత్తనాలు చల్లేస్తాం, కింద నేల ఎలా ఉందో ఎవరూ చూడరు. ఆ ఏడు నేనూ చూడలేదు. వరి కోశాక తెల్లవారి మంచులో గట్టు మీద నిలబడితే, చేను నడుమ నెమలి ఈకలు పరిచినట్టు రంగులు! కలేమో అనుకుంటుండగా ఒక కొంగ దిగి, జర్రున జారి వెల్లకిలా పడి, సిగ్గుతో గిలకలదిండి రేవు దాకా ఆగకుండా ఎగిరిపోయింది. మట్టి తీసి వాసన చూస్తే డీజిలు!

మా చేనుకు పైనున్న రొయ్యల చెరువు మా ఆవిడ మరియమ్మ అన్న యోహానుది. వానలకు గట్టు మీది డీజిలు పీపా ఒరిగి, అదంతా బోదె కాలువ నీళ్లతో నా చేలోకి దిగిందట. నీళ్లు పోస్తే మట్టి తాగదు, ముత్యాల్లా దొర్లిపోతాయి. మొలిచిన కాసిని మొక్కలూ పసుపెక్కాయి. పీకితే వేరు వట్టి దారంలా వచ్చింది, మినుముకు సత్తువిచ్చే బుడిపె ఒక్కటీ లేదు.

యోహాను బావ తల వంచుకుని వచ్చాడు. "తప్పు నాదే బావా. కానీ ఇక్కడ ఇక ఏదీ మొలవదు, దీన్నీ రొయ్యల చెరువుగా తవ్వేద్దాం."

మరియమ్మ చేటతోనే బయటికొచ్చింది. "రొయ్యకి మీసాలున్నాయని అంత గౌరవమా అన్నయ్యా? మా మామగారు చల్లిన నేల అది. ముందు పేడ తోలించు!"

నేను ఆ మట్టిలోనే మోకరించాను. "తండ్రీ, మట్టిలోనేగా నువ్వు ఊపిరి ఊదావు! ఈ మట్టికి ఊపిరాడటం లేదు, ఇంకొక్కసారి ఊదు. వచ్చే పంటకి ఒక్క బుడిపె చూపించు, లేదంటే చెరువుకి ఇచ్చేస్తాను."

బావే పేడ తోలాడు, చెత్తా గడ్డీ కలిపాడు, వేసవంతా మట్టిని తిరగేసి ఎండబెట్టాం, పచ్చిరొట్ట ఎరువుకి జీలుగ చల్లి పచ్చగా ఉండగానే కలియదున్నాం. కునుకు పడితే చాలు, చేను పసిబిడ్డలా బోర్లా పడుకుని ఊపిరి తీస్తున్నట్టు కల!

మళ్లీ వరి కోశాం, మళ్లీ మంచు, దాని కింద పచ్చగా మినుము. ఆకును నమ్మక, రంగులు కనబడిన చోటే ఒక మొక్క పీకాను. వేరంతా ఆవగింజల్లాంటి బుడిపెలు! గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు, పసిబిడ్డ చిగుళ్లలాగా. ముగ్గురం నోరెత్తలేదు. నేను కూడా!

"చెరువు తవ్వే పొక్లెయినోణ్ణి రావద్దంటాను బావా," అని యోహాను కళ్లు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రమే పీపాను చేలకు దూరంగా దొర్లించుకుపోయాడు.

కొంగ సంగతి మా ఆవిడే నమ్మదు, మీరూ నమ్మనక్కర్లేదు. కానీ మీలో ఎవరికైనా ఊపిరాడని చోటు ఉంటే, చెరువు తవ్వేయకముందు ఆయన చేతికివ్వండి. అనుమానమైతే మా చేలోకి రండి, మొక్క పీకి చూపిస్తాను. ఒక్కటే సుమండీ, రెండోది పీకితే మరియమ్మ ఊరుకోదు! దేవునికే మహిమ!