ఆడపిల్లలకు గుట్ట వీడియో

మా విశ్వవిద్యాలయం నల్లగొండ పొలిమేరలో ఉంది. అక్కడ నేను కాబోయే టీచర్లకు పాఠం చెబుతాను. నా పేపరు ఆరుబయట బోధన. పిల్లల్ని గదిలోంచి బయటికి తీసుకెళ్లి, నేలనూ నీటినీ రాయినీ చూపిస్తూ ఎలా నేర్పాలన్నది అందులోని విషయం. నా పరిశోధన కూడా దాని మీదే. తెలంగాణ వచ్చిన కొత్తలో ఈ పేపరు పెట్టించడానికి చాలా గదుల చుట్టూ తిరిగాను. "చెట్ల కింద కూసునుడు గూడ ఒక సబ్జెక్టేనా?" అని తోటి అధ్యాపకులు నవ్వారు. ఆ నవ్వును ఓర్చుకున్నాను. తర్వాత జరిగినదాన్ని మాత్రం ఇప్పటికీ ఓర్చుకోలేను.

మా తరగతి కిటికీలోంచి గుట్ట కనిపిస్తుంది. పెద్ద పెద్ద గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. ఒక ఏడాది వానలు తగ్గాక విద్యార్థుల్ని ఆ గుట్ట మీదికి తీసుకెళ్లాలనుకున్నాను. వాన నీరు ఏ దారిన దిగి చెరువులోకి చేరుతుందో వాళ్లు స్వయంగా చూసి పటం గీయాలి. రేపు తమ బడిపిల్లల చేత కూడా గీయించాలి. అనుమతి కోసం మా విభాగం హెడ్ సారు దగ్గరికి వెళ్లాను.

ఆయన మర్యాదగానే కూర్చోబెట్టారు. "మగపిల్లలను తోల్కపోండి మేడం. ఆడపిల్లలకు గా గుట్ట వీడియో చూపిస్తే అయిపాయె. ప్రొజెక్టరు ఉండనే ఉన్నది గద!"

వేళాకోళమాడుతున్నారనుకున్నాను. కాదు.

"సార్, కిటికీలకెల్లి గుట్టనే కనపడ్తది. వీడియో కనపడాల్నంటే గా కిటికీకి పరదా కట్టాలె," అన్నాను.

"రేపు ఏమన్న అయితే జవాబు ఎవలు చెప్తరు? తల్లిదండ్రులు ఊకుంటరా? ఇప్పటికే ఫోన్లు చేస్తున్నరు."

మా తరగతిలో ఎక్కువమంది అమ్మాయిలే. సెలవుల్లో నాట్లు వేసేవాళ్లు, పత్తి ఏరేవాళ్లు. పాములు తిరిగే చేలల్లో వాళ్లు ఎండకు మాడుతుంటే, ఏమన్నా అయితే జవాబు ఎవరు చెప్తారని ఏ సారూ అడగలేదు. పుస్తకం పట్టుకుని గుట్ట ఎక్కుతామంటేనే ఎక్కడలేని భయం పుట్టుకొచ్చింది.

తరగతికి వెళ్లి ఉన్న మాట చెప్పాను. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక ముస్లిం అమ్మాయి లేచి నిలబడింది. "మా అబ్బా అయితే ఫోన్ చెయ్యలే మేడం. నేనే ఆయనకు చేస్త," అంది.

మర్నాడు వాళ్ల నాన్న బస్సెక్కి వచ్చాడు. ఊళ్లో దర్జీ. కూతురితో పాటు నన్నూ వెంటబెట్టుకుని హెడ్ సారు గదిలోకి నడిచాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, నా బిడ్డ టీచరు అయితదని గింత దూరం పంపిన. గుట్ట ఎక్కద్దని నేను ఎవలకు చెప్పిన? నా పేరు చెప్పి మీరెందుకు ఆపుతున్నరు?"

"మీ బాగు కోసమే బాబా..."

"మా ఫికర్ జర మేమే చేసుకుంటం సార్."

హెడ్ సారు నా వైపు తిరిగి, "ఏం జరిగినా బాధ్యత మీదే," అన్నారు. నాదే అన్నాను.

గుట్ట మీద ఆ రోజు పిల్లల గోల చెప్పనలవి కాదు. నీరు ఎటు పారుతుందన్న దగ్గర రెండు జట్లుగా విడిపోయి వాదులాడుకున్నారు. ఎవరో బండ మీద సీసాడు నీళ్లు కుమ్మరించారు. ఆ ధార వెంట అందరూ పరుగెత్తారు. అది మలుపు తిరిగినప్పుడల్లా కేకలు. పైనుంచి పానగల్ వైపు చెరువు నీళ్లు తళతళలాడుతూ కనిపించాయి.

దిగేటప్పుడు ఆ దర్జీ కూతురు గుండు మీద జారింది. మోకాలు గీరుకుపోయి సల్వారుకు నెత్తురంటింది. నేను నీళ్లతో కడగబోతే నా చెయ్యి పట్టుకుంది.

"మేడం, గిది ఎవలకు తెల్వద్దు. తెలిస్తే మల్ల మమ్ముల ఆపుతరు."

దెబ్బకు ఏడవని పిల్ల ఆ మాటంటూ ఏడ్చింది. కాస్త అవతల ఒక అబ్బాయి తన మోచేతి గాయం చూపిస్తూ దోస్తులతో ఫోటోలు తీయించుకుంటున్నాడు. అందులో వాడి పాపమేమీ లేదు. ఒకే గుట్ట, ఒకే బండలు. వాడి గాయం వాడికి గొప్ప. ఆమె గాయం మాత్రం దాచుకోవలసిన తప్పు. నా ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఆమె కుంటడం హెడ్ సారు చూడనే చూశారు. "చూసిండ్రా? నేను ముందుగాలనే చెప్పిన!"

"అబ్బాయికి గూడ తాకింది సార్, మోచేతికి."

"మగపిల్లగాడు గద మేడం."

అంతే. ఆ మాటతో ఆయనకు సంగతి తేలిపోయింది.

మరుసటి ఏడు నా పేపరులోంచి ప్రాక్టికల్ తీసేశారు. "ఆరుబయట బోధన వలన కలుగు ప్రయోజనములు వ్రాయుము" అని ప్రశ్న ఇచ్చారు. తలుపులు మూసిన హాల్లో, ఫ్యాన్ల కింద కూర్చుని పిల్లలు జవాబులు రాశారు. మంచి మార్కులే వచ్చాయి. ఆ పేపర్లు దిద్దుతుంటే నాకు సిగ్గేసింది.

హెడ్ సారు రిటైరైన రోజున సన్మానం చేశారు. ఆయన కాలంలో ఆడపిల్లలకు ఎంతో రక్షణ ఉండేదని ఒక వక్త పొగిడారు. చప్పట్లు మోగుతుండగానే నేను లేచి బయటికి వచ్చేశాను. కొత్తగా వచ్చిన హెడ్‌తో నెలల తరబడి కొట్లాడితే ప్రాక్టికల్ తిరిగి వచ్చింది. దర్జీ కూతురు ఇప్పుడు ఆలంపూర్ వైపు ఒక సర్కారు బడిలో టీచరు. నదిని చూపించడానికి పిల్లల్ని ఒడ్డుకు తీసుకెళ్తుందట. అక్కడి హెడ్మాస్టరుతో ఆమె కొట్లాట ఆమెకుంది.

మా అమ్మాయిలు మళ్లీ గుట్ట ఎక్కుతున్నారు. అయినా ప్రతి ఏడూ మీటింగులో ఎవరో ఒకరు అడుగుతారు, "ఆడపిల్లలు గూడనా మేడం?" అని. ఈసారి గట్టిగా అరిచాను. బయటికొచ్చాక ఒక కుర్ర అధ్యాపకుడు, "జర మెల్లగ మాట్లాడుండ్రి మేడం," అని హితవు చెప్పాడు.

"మెల్లగ మాట్లాడినన్ని రోజులు వీళ్లకు వీడియోలే చూపిచ్చిన్రు," అన్నాను.