జిద్దాలో విప్పిన పరుపు

ఓడ దిగి జిద్దాలో అడుగుపెట్టిన మొదటి రోజు మాకు పనేమీ లేదు. మక్కాకు బస్సు మరుసటి ఉదయం. అంతవరకు ముసాఫిర్‌ఖానా అనే యాత్రికుల సత్రంలో సేద తీరమన్నారు. అందరూ ఆ మాట విన్నారు, మా నాయన తప్ప.

బొంబాయిలో ఓడెక్కినప్పటి నుంచీ ఆయనకు నిద్ర లేదు. కళ్లు గుంటలు పడ్డాయి, మనిషి సగమైపోయాడు. దిగాక ఒక్క రోజైనా బాగా నిద్రపోకపోతే మక్కా ఎండలకు తట్టుకోలేడని ఓడలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. అప్పటి నుంచీ నా ప్రాణం నాలో లేదు.

మాది కర్నూలు, దూదేకులవాళ్లం. విల్లు భుజాన వేసుకుని ఆత్మకూరు దాకా ఊరూరా తిరిగి నాయన దూది ఏకేవాడు, అమ్మ పరుపులు కుట్టేది. కర్నూలు రాజధాని అయ్యాక గుడారాల్లో కాపురాలు పెట్టిన ఉద్యోగస్థులకు కుట్టీ కుట్టీ, ఇద్దరి హజ్‌కూ సరిపడా అమ్మే కూడబెట్టింది. "ఒక్కసారి కండ్లారా చూసొస్తే చాలు" అనేది. చూడకుండానే మూడు రోజుల జ్వరంతో పోయింది. ఆమె చోట్లో నేను వచ్చాను. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు.

సత్రంవాళ్లిచ్చిన పరుపు మీద ఆయన అటూ ఇటూ దొర్లుతుంటే, "నాయనా, పండుకో" అన్నాను.

"పండుకోనే ఉండా కదమ్మీ."

"కండ్లు తెరుచుకోనా?"

"కింద రాళ్లుండాయి. దీన్ని పరుపంటారా? ఎవుడో దూది ఏకకుండానే కుక్కినాడు."

నాకు ఒళ్లు మండింది. పుట్టినప్పటి నుంచీ చాప మీద పడుకున్న మనిషి! ఊరందరికీ పరుపులు చేశాడే గాని తనకంటూ ఒకటి చేసుకోలేదు. ఇప్పుడొచ్చింది నవాబుగిరీ! చాప పరుస్తానన్నా వినలేదు. నీళ్లకని బయటికి పోయి వచ్చేసరికి కుట్లన్నీ విప్పేసి, దూదిని నేల మీద కుప్ప పోసుకుని కూర్చున్నాడు. ఒంటిమీద హజ్‌కని చుట్టుకున్న కుట్టని తెల్లగుడ్డలు రెండు, చుట్టూ తెల్లటి దూది. మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వచ్చింది.

మాతో ఓడలో వచ్చిన కడప ఆవిడ పక్కగదిలోంచి తొంగిచూసి గుండెలు బాదుకుంది. "యా అల్లా! హజ్‌కొచ్చి ఇదేం పనప్పా? ఈడోళ్లు చూస్తే మనల్నందరినీ ఈదిలో నిలబెడతారు!"

"నిలబెట్టనీ. పరుపు బాగైతాండాది కదా" అన్నాడు తల ఎత్తకుండా.

"శానా బాగుండాది! మీ నాయనతో నువ్వే పడమ్మా" అని ఆవిడ తలుపు వేసుకుంది.

విల్లు లేదు కాబట్టి ఒక్కో ఉండనూ వేళ్లతోనే విప్పి పింజాడు. రొట్టె తినమంటే చెయ్యి ఊపాడు. అరిచి అరిచి, చివరికి నేనూ పక్కన కూర్చుని పింజడం మొదలుపెట్టాను. దూది నూగు ముక్కులోకి పోతుంటే మా ఇంటి నడవే కళ్ల ముందుకొచ్చింది. ముక్కుకు కొంగు కట్టుకుని, నోట్లో దారం కొస తడుపుకుంటూ కూర్చునే అమ్మ వచ్చింది. సముద్రం దాటితే ఈ బెంగ కొంత తగ్గుతుందనుకున్నాను. నా పిచ్చి గాని, ఎక్కడ తగ్గింది!

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక దూదంతా మళ్లీ గుడ్డలోకి చేరింది. నాయన అంచులు రెండూ కలిపి పట్టుకున్నాడు. ఆయన జన్మలో సూది పట్టి ఎరగడు. తల ఎత్తలేదు. కొంచెం పక్కకు జరిగి చోటిచ్చి అన్నాడు:

"ఊఁ, ఇంగ కుట్టు మే."

నన్ను ఎప్పుడూ ఆయన 'మే' అని పిలవలేదు. అమ్మను అలా పిలిచేవాడు. ఏమన్నాడో ఆయనకే తెలియలేదు. "అమ్మ కాదు నాయనా, నేను" అనబోయాను. ఆ అంచులు పట్టుకున్న చేతులు చూసి ఆగాను.

"కుడతా, కదలనీకు" అన్నాను, అమ్మ అన్నట్టే.

పెట్టెలోంచి సూదీ దారమూ తీసి కుట్టాను. కుట్లు వంకరటింకరగా పడ్డాయి. అమ్మ చూస్తే మొట్టికాయ వేసేది. ఆఖరి ముడి పడీ పడకముందే నాయన పరుపుమీద ఒరిగి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికే గురక వినిపించింది. అల్లాకు దండం పెట్టుకున్నాను.

పరుపుకు ఒక అంచున, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంకో మనిషికి సరిపడా చోటు వదిలిపెట్టాడు. అది నాకోసం కాదు. నేను కింద చాప పరుచుకుని, ఆయన లేస్తాడేమోనని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.